కెనడా చదువునకు పోవు మన ఆడపిల్లలు

గడచిన శ్రావణమాసమున నొకనాటి సాయంకాలము విజయనగరము రైలుస్టేషనులో మేము బండికొఱకు వేచియుండగా, రాజాము ప్రాంతమునుండి వచ్చిన యొక కుటుంబము మా ప్రక్క బల్లమీద కూర్చుండెను. రెండు పెద్ద పెట్టెలు, ఒక సంచి, గుడ్డతో మూతికట్టిన ఆవకాయ డబ్బా. ఇంటర్మీడియెటు ముగించిన పదునెనిమిదేండ్ల బాలిక హైదరాబాదు పోయి, అచట విమానమెక్కి, కెనడా దేశమందలి హాలిఫాక్సు నగరమునకు డిగ్రీ చదువుటకు పోవుచున్నది. తండ్రి కాగితముల కట్టను మాటిమాటికి విప్పి లెక్క చూచుకొనుచుండెను. తల్లి కొంతసేపటికి మావంకకు జరిగి, కూతురు వినకుండునట్లు మెల్లగా నడిగెను: “ఏటమ్మా, మీరు చదువుకున్నోరిలాగున్నారు. ఆ దేశంలో మా గుంటకి అన్నం దొరుకుతాదా? జొరమొస్తే ఎవులు చూస్తారు?”

ఆ ప్రశ్నకు మేమప్పుడు సరియైన సమాధానము చెప్పలేకపోతిమి. ఆమె యడిగినది ఫీజులమాట కాదు, ఉద్యోగములమాట కాదు. బిడ్డ యచట దినదినము నెట్లు బ్రదుకునన్న మాట. విదేశవిద్యనుగూర్చి మన పట్టణములలో గోడగోడకు కనబడు ప్రకటనలలో ఈ సంగతి తప్ప తక్కినవన్నియు నుండును. అందుచేత సెలవులకు ఇంటికి వచ్చిన కొందఱు విద్యార్థినులను, వారి తల్లులను అడిగి తెలిసికొన్నదియు, అక్కడి పద్ధతులనుగూర్చి మేమెఱిగినదియు సోదరీమణులకొఱకు ఇచట వ్రాయుచున్నాము.

హాలిఫాక్సు నోవా స్కోషియా అను రాష్ట్రమునకు రాజధాని. మన సీమకును ఆ రాష్ట్రమునకును రాకపోకలు నూటయేబది యేండ్లనాడే గలవు. అయితే అప్పుడు ప్రయాణము ఎదురుదిక్కునుండి సాగెడిది. ఆ రాష్ట్రములో కాన్సో అను చిన్న రేవుపట్టణమునకు చెందిన హానా మరియా నోరిస్ అను నామె 1870 లో మిషనరీగా బర్మాకు పోదలచెను. ఆమెను బంపుటకు సంఘమువారివద్ద సొమ్ము లేదు. అందుపై నామె ఊరూర తిరిగి స్త్రీసంఘములను స్థాపించి, ఆ స్త్రీల చిల్లర చందాలతోనే ఓడ యెక్కెను. తరువాత 1874 లో ఆర్మ్‌స్ట్రాంగు అను నాతనిని వివాహమాడి, అతనితో గూడ తెలుగుదేశమునకు వచ్చి, ఆంగ్లేయులు చికాకోలని వ్రాసెడి మన శ్రీకాకుళమున కొన్ని యేండ్లు గడపెను. అట్లే మెటిల్డా చర్చిల్ అను నోవా స్కోషియా ఉపాధ్యాయిని భర్తతో బొబ్బిలిలో కాపురముండి బాలికల పాఠశాల నడపెను. ఆమె జాబులు 1916 లో పుస్తకముగా వెలువడినవి. వారు వచ్చినది మతప్రచారమునకు. ఆ విషయము మాకిచట ప్రస్తుతము కాదు. భాష తెలియని దేశమునకు వచ్చి, ఎండకు తాళి, తెలుగు అక్షరములు దిద్దుకొని, ఇంటినుండి జాబు వచ్చుటకు వారములకొలది యెదురుచూచిన యా స్త్రీలే మా కన్నులకు కట్టుచున్నారు. బొబ్బిలి వేసవిలో వారు పడిన పాట్ల వంటివే నేడు మన పిల్లలు హాలిఫాక్సు మంచులో పడుచున్నారు.

స్త్రీవిద్యలో పేర్కొనదగిన సంగతియొకటి ఆ తీరముననే జరిగినది. నోవా స్కోషియాకు పొరుగున నున్న న్యూ బ్రన్స్‌విక్కు రాష్ట్రమున మౌంట్ ఆలిసన్ కళాశాలవారు 1875 లో గ్రేస్ ఆనీ లాక్‌హార్టు అను నామెకు పట్టమొసగిరి. బ్రిటిషు సామ్రాజ్యమంతటిలో బాచిలరు పట్టమందిన తొలి స్త్రీ ఆమెయే. వుల్ఫ్‌విల్లులోని అకాడియా కళాశాలనుండి 1884 లో క్లారా బెల్ మార్షలు పట్టభద్రురాలయ్యెను. మన విజయనగరమున మహారాజావారి పాఠశాల 1879 లో కళాశాలయయ్యెను. గురజాడ అప్పారావుగారు అచట 1886 లో బి. ఏ. పట్టమందిరి. ఆయన వ్రాసిన కన్యాశుల్కము 1892 లో తొలిసారి ప్రదర్శింపబడెను. అనగా అచట ఆడపిల్లలు పట్టములు పుచ్చుకొనుచున్న కాలముననే ఇచట ఆడపిల్లకు వెలకట్టుచుండిరి. అట్లని వారిని ఆకాశమున కెత్తవలసిన పనియు లేదు. క్విబెక్కు రాష్ట్రమందలి స్త్రీలకు తమ రాష్ట్ర శాసనసభ యెన్నికలలో ఓటు 1940 లో గాని రాలేదు. మన మదరాసు రాజధానిలో, ఆస్తిగల స్త్రీలకు మాత్రమేయైనను, అది 1921 లోనే వచ్చినది.

ఇక నేటి చదువు. అచట డిగ్రీ చదువు సామాన్యముగా నాలుగేండ్లు. సెప్టెంబరు మొదలు డిసెంబరువఱకు ఒక సెమిస్టరు, జనవరి మొదలు ఏప్రిలువఱకు మఱొకటి. మే మొదలు ఆగస్టువఱకు వేసవి. సెమిస్టరునకు నాలుగైదు విషయములు తీసికొందురు. ఒక్కొక్కదానికి సాధారణముగా మూడు క్రెడిట్లు. పట్టమునకు మొత్తము మీద నూటయిరువది కావలెను. ఏ విషయము, ఏ ఉపాధ్యాయునివద్ద, ఏ వేళకు చదువవలెనో విద్యార్థియే కంప్యూటరులో నెన్నుకొనవలెను. రసాయనము చదువవచ్చినవారు చరిత్రయో సంగీతమో కూడ తీసికొనవచ్చును. రెండవయేట మనసు మారినచో ముఖ్యవిషయమునే మార్చుకొనవచ్చును. మన యిండ్లలో నిది వినుటకే భయము గొలుపు మాట!

మొదటిరోజుననే ఉపాధ్యాయుడు ఆ సెమిస్టరులో ఏ వారమున నేమి చెప్పునో, ఏ పరీక్ష ఎప్పుడో, దేనికెన్ని మార్కులో వివరించిన పత్రము నిచ్చును. అంతటితో తన హెచ్చరిక ముగిసినట్లే. తరువాత నెవ్వరును జ్ఞాపకము చేయరు. మొదటి సంవత్సరమున గొప్ప గొప్ప విశ్వవిద్యాలయములలో నొక్కొక్క తరగతియందు రెండువందలు మూడువందలమంది కూర్చుందురు; మన పిల్ల వచ్చినదో రాలేదో చూచువారుండరు. అక్టోబరునాటికి తొలి పరీక్షలు మీదబడును. చివర వ్రాయు పరీక్షయొక్కటే కాదు; వారము వారము వ్రాసి యిచ్చు అభ్యాసములు, ప్రయోగశాల లెక్కలు, వ్యాసములు అన్నియు కలిసి మార్కులగును. ఒకనాడు బద్ధకించి మఱునాడు రాత్రి మేలుకొని పూర్తిచేయుదమన్నచో కుదరదు.

ఇచటనే మన పిల్లలు మొదట తడబడుచున్నారు. కారణము వారి తెలివితక్కువ కాదు. ఇంటర్మీడియెటు రెండేండ్లును మనమిచట వారి నెట్లు పెంచితిమో తలచుకొందము. తెల్లవాఱుజామున గంట, స్నానము, స్టడీ అవరు, తరగతి, మరల స్టడీ అవరు, రాత్రి పదిగంటలకు దీపమార్పు. ఎప్పుడు చదువవలెనో వార్డెను చెప్పెను. ఏమి చదువవలెనో మెటీరియలు చెప్పెను. ఆ పిల్లనే మూడునెలల లోపల తెచ్చి, ఎవ్వరును లెమ్మనని, పడుకొమ్మనని గదిలో నుంచితిమి. పాలకొండ ప్రాంతపు బాలిక యొకతె మాతో ననిన మాట: “మొదటి వారమంతా ఎవరో ఒకరు వచ్చి కేకేస్తారని చూశానండీ. ఎవరూ కేకెయ్యలేదు. అప్పుడు భయమేసింది.”

ప్రతి ఉపాధ్యాయుడును వారమునకు కొన్ని గంటలు తన గదిలో తలుపు తెఱచి కూర్చుండును. తెలియనిది పోయి యడుగవచ్చును. ఆయనకును అది పనిలో భాగమే. కాని ఎదుటికిపోయి “నాకు తెలియలేదు” అని చెప్పుట మన పిల్లలకు ప్రాణసంకటము. ఇచట తెలియలేదన్నవానిని బల్లయెక్కించి నిలువబెట్టిన గురువులు వారి కన్నులలో మెదలుచుందురు కాబోలు. వెళ్ళినవారు మాత్రము ఇంతసులువా యని యాశ్చర్యపడుచున్నారు.

మఱొక సంగతి తల్లిదండ్రులు ముందే చెప్పవలసినది కలదు. పుస్తకమునుండియో, ఇంటర్నెట్టునుండియో వాక్యములు తీసి తనవిగా వ్రాసి యిచ్చుట అచట దొంగతనముతో సమానము. ఇచట గైడు చూచి వ్రాసినచో మెచ్చుకొనిరి. అచట ఆ విషయములో సున్న యిచ్చుటయే కాక, విచారణ జరిపి, తీవ్రమైనచో విశ్వవిద్యాలయమునుండి పంపివేయుటయు గలదు. స్నేహితురాలికి తన వ్రాత చూపుటయు తప్పే. దయతో చేసిన పనికి శిక్షపడునని మన పిల్లకు తోచనే తోచదు.

రాజాము తల్లి యడిగినదానికి వత్తుము. అన్నము దొరకును. మొదటియేడు విశ్వవిద్యాలయపు వసతిగృహములోనున్నచో అచ్చటి భోజనశాలకు ముందుగనే సొమ్ము కట్టించుకొందురు; అందు అన్నమును, కూరలును ఉండును గాని చారు ఉండదు. చాలమంది రెండవయేడు నలుగురైదుగురు కలిసి యిల్లు అద్దెకు తీసికొని వంతులవారీగా వండుకొందురు. వంటయింటిలో నడుగుపెట్టనీయక “చదువుకో” అని పంపివేసిన తల్లులే తరువాత ఫోనులో పోపు వేయుట నేర్పుచున్నారు. పప్పు, చారు, అన్నము, ఒక వేపుడు. ఈ నాలుగును వచ్చినచో బాలిక బ్రదుకగలదని మాతో చెప్పనివారు లేరు. నరసన్నపేట పిల్ల యొకతె చోడిపిండి తీసికొనిపోయి మంచు కురియు ఉదయములలో అంబలి కాచుకొనుచున్నదట. ఆమె గదిలోనుండు వేఱుదేశపు బాలికయు దానికి అలవాటుపడినది.

జ్వరమునకును మార్గము గలదు. విశ్వవిద్యాలయములందు వైద్యశాలలుండును, ఆరోగ్యభీమా సామాన్యముగా ఫీజుతోడనే చేర్తురు. మనసు బాగులేనప్పుడు మాటలాడి ధైర్యము చెప్పు వారును ఉందురు. దానికి వేఱుగా సొమ్ము పుచ్చుకొనరు. అయితే తలుపు తట్టవలసినది మాత్రము విద్యార్థియే. చలిని తేలికగా చూడరాదు. కోటు, బూట్లు ఇచ్చట కొనినవి అచటి మంచునకు చాలవు. అచటికి పోయిన తరువాతనే కొనుట మేలు. డిసెంబరులో హాలిఫాక్సున నాలుగున్నర గంటలకే సూర్యుడస్తమించును. నాగావళి యొడ్డున వెలుతురులో పెరిగిన పిల్లకు చలికన్న ఆ చీకటియే యెక్కువ కష్టముగా తోచునట. జనవరి ఫిబ్రవరి మాసములలో కారణము తెలియకయే ఏడ్పు వచ్చెడిదని ముగ్గురు బాలికలు వేర్వేఱుగా మాతో చెప్పిరి. ఆ నెలలలో సంక్రాంతి వచ్చును. ఇంట ముగ్గు వేయుచున్న ఫొటోలు పంపవలెనో వద్దో ఆ తల్లులకు తెలియదు. పంపుమనియే మా సలహా.

సొమ్ముమాట ఎత్తక తప్పదు. కెనడాలో విదేశీ విద్యార్థి డిగ్రీ చదువునకు ఫీజు 2024–25 లో సగటున ఏటికి సుమారు 40 వేల డాలర్లుండెను. నాటి మారకపు ధరలో అది 24 లక్షల రూపాయలు దాటును. ఆ దేశపు పిల్లలకే యైనచో సగటున ఏడువేల పైచిల్లర మాత్రమే. ఇదిగాక, బ్రదుకుటకు చాలినంత సొమ్మున్నట్లు చూపవలసిన మొత్తమును ప్రభుత్వమువారు 2024 జనవరిలో 20,635 డాలర్లకు, 2025 సెప్టెంబరులో 22,895 డాలర్లకు పెంచిరి. 2024 లోనే విద్యార్థి అనుమతులకు పరిమితి విధించి, రాష్ట్రప్రభుత్వమునుండి ధ్రువపత్రము తెమ్మనిరి. చదువుచు బయట పనిచేయుటకు 2024 నవంబరునుండి వారమునకు 24 గంటలని కట్టడి చేసిరి. కాఫీ అంగడిలోనో సామానుల కొట్టులోనో చేయు ఆ పనివలన తిండి గడచునేమో గాని ఫీజు గడవదు. పిల్ల పనిచేసి తన ఫీజు తానే కట్టుకొనునని చెప్పు ఏజెంటు మాట నమ్మరాదు. నిబంధనలు తఱచు మారుచున్నవి కావున ఆ దేశప్రభుత్వపు వెబ్‌సైటులోనే చూచుకొనవలెను. 2023 లో నకిలీ ప్రవేశపత్రములచే మోసపోయి, దేశము విడువవలసిన యపాయములో పడిన భారతీయ విద్యార్థుల సంగతి పత్రికలలో చదివియుందురు. ఆ తరువాత 2023 డిసెంబరునుండి ప్రతి ప్రవేశపత్రమును విద్యాసంస్థవారినే యడిగి సరిచూచుచున్నారు. కళాశాల యనునది వేఱు, విశ్వవిద్యాలయమనునది వేఱు అన్న భేదము కూడ ఆ దేశములో గలదు. ఏజెంటు రెంటికిని ఒక్క పేరే చెప్పును.

ఇంతసొమ్ము చాలమందికి చేతిలోనుండునది కాదు. పొలమో, ఇల్లో, నగలో తాకట్టుపడును. మేము వ్రాయదలచిన యసలు సంగతి ఇచటనున్నది. అప్పు చేసిన యింటి పిల్ల నోరు విప్పదు.

పైన చెప్పిన పాలకొండ బాలిక కథయే అది. గణితములో జిల్లాకంతకు పేరుపొందిన పిల్ల. కంప్యూటరు చదువునకు చేరినది. అక్టోబరులో గణితపు తొలి పరీక్షలో నూటికి ముప్పదియొకటి వచ్చెను. ఇంటినుండి ఫోను వచ్చినపుడెల్ల తండ్రి యడుగు మొదటి మాట “మార్కులెలా ఉన్నాయి తల్లీ?” అని. “బాగున్నాయి నాన్నా” అనుచు వచ్చెను. ఆ “బాగున్నాయి” అను నొక్కమాటను నిలుపుకొనుటకు నిద్ర మానెను, భోజనము మానెను, తరగతికి పోవుట మానెను. సిగ్గుచేత తోడి తెలుగు పిల్లలకు కూడ చెప్పలేదు.

అచట నొక యేర్పాటు గలదని ఆమెకు తెలియకపోలేదు. ఒక విషయము మోయలేనిదిగా నున్నప్పుడు, సెమిస్టరు నడుమ నొక గడువులోపల దానిని వదలుకొనవచ్చును. అప్పుడు మార్కుల పట్టికలో తప్పినట్లుండదు. వదలుకొనినట్లు గుర్తు మాత్రముండును. తరువాత మరల తీసికొనవచ్చును. పూర్తికాలపు విద్యార్థికి కావలసినన్ని విషయములు మిగిలియున్నవో లేవో మాత్రము చూచుకొనవలెను. లేనిచో చదువు అనుమతికే ముప్పు. ఆమెకు అయిదున్నవి, ఒకటి వదలినను నాలుగు మిగులును. చేయవలసినది కంప్యూటరుమీద నొక్క మీట నొక్కుటయే. మూడువారములు ఆ మీట నొక్కలేకపోయెను. ఎందుకనగా ఒక విషయమునకు కట్టిన ఫీజు రూపాయలలో నెంతయో ఆమె లెక్కకట్టియుండెను. తండ్రి తాకట్టుపెట్టిన అరయెకరము అందులో నేపాటిదో కూడ లెక్కకట్టియుండెను.

గడువునకు రెండురోజులుండగా ఫోను ఎత్తినది అమ్మమ్మ. ఇంట మఱెవ్వరును లేరు. ఆ వృద్ధురాలికి అక్షరములు రావు, మార్కులడుగుట తెలియదు. “ఏటే, గొంతు అలాగున్నాది?” అని యడిగినది. అంతట బాలిక గంటసేపు ఏడ్చి సమస్తము చెప్పినది. గణితమనగానేమో, గడువనగానేమో అమ్మమ్మకు బోధపడినదో లేదో. కాని ఆమె పుట్టినింటివారిలో రంగూను పోయినవారు గలరు. శ్రీకాకుళ తీరమునుండి ఓడలెక్కి బర్మాకు కూలికిపోయినవారి యిండ్లు నాడు కోకొల్లలు. 1942 లో జపానువారు వచ్చినప్పుడు వేలకొలది తెలుగువారు అడవులలో కాలినడకను తిరిగివచ్చిరి, దారిలో రాలినవారును గలరు. అమ్మమ్మ తాత అట్లు నడచివచ్చినవాడట. అంతకుముందు మూడేండ్లు జాబు వ్రాయలేదు. సంపాదన లేదని సిగ్గుపడి వ్రాయలేదు. ఇంటిలో కర్మలు చేయుదమా యను మాటవఱకు వచ్చినది.

ఆ కథ చెప్పి అమ్మమ్మ యనినది: “డబ్బు లేకపోతే లేదని రాయొచ్చును గదే. మేం డబ్బుకి ఎదురు చూశామా, కాయితానికి ఎదురు చూశామా? ఆ లెక్కేదో ఒగ్గీ. మీ నాన్నతో నాను చెప్తాను.”

మఱునాడు బాలిక ఆ విషయమును వదలుకొనెను. వేసవిలో ఇంటికి రాక అచటనే యుండి దానిని మరల చదివి నెగ్గెను. తండ్రికి కొంత కోపము వచ్చినమాట నిజము. రెండు వారములు ఫోనులో మాటలాడలేదట. తరువాత నొకనాడు తానే చేసి, మార్కుల మాట యెత్తక, అచట వానపడుచున్నదా యని యడిగెనట. ఇప్పుడామె మూడవయేడు చదువుచున్నది. మొదటియేటి విద్యార్థులకు గణితములో సాయపడు పనికి విశ్వవిద్యాలయమువారే ఆమెను తీసికొనిరి. ఆమె కూర్చున్నచోటికి వచ్చి “నాకు తెలియలేదు” అని తలవంచుకొని నిలుచు పిల్లలను చూచినప్పుడు ఏమనుచుందువని యడిగితిమి. “ముందు కూర్చోమంటానండీ” అనినది.

కార్తికమాసమున వనభోజనములకు పోయినచోట రాజాము తల్లి మాకు మరల కనబడెను. మేము గుర్తుపట్టకముందే ఆమె పట్టినది. బిడ్డ బాగున్నదనియు, చారు కాచుట నేర్చినదనియు చెప్పెను. ఇంటిలో గోడకు రెండవ గడియారము తగిలించి, దానిని హాలిఫాక్సు వేళకు త్రిప్పియుంచిరట. ఇచట రాత్రి ఎనిమిదిన్నరకు అచట మధ్యాహ్నము పండ్రెండు. అప్పుడు పిల్ల తరగతి ముగియును. తల్లి ఫోను చేయును. నవంబరు మొదటి ఆదివారము గడచిన మఱునాడు ఎన్నిసారులు చేసినను పిల్ల ఫోను ఎత్తలేదు. తల్లి గంటసేపు దేవునిగదిలో కూర్చుండెను. తొమ్మిదిన్నరకు పిల్లయే ఫోను చేసి, శీతాకాలమునకు అచట గడియారములను ఒక గంట వెనుకకు త్రిప్పుదురనియు, తాను తరగతిలో నుంటిననియు చెప్పెనట. “ముందుగా చెప్పుకోవద్దేటే?” అని యామె కసరినది. ఆ రాత్రియే తండ్రి బల్లయెక్కి రెండవ గడియారపు ముల్లు వెనుకకు త్రిప్పెను.